ఆ తేదీ ఎవరిది?

ఉగాదికి కొన్న పంచాంగం ఏదైనా ఒకటి తీసి చూడండి. వర్జ్యాలు, దుర్ముహూర్తాలు, బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏమవుతుందో చెప్పే పట్టికలు. వీటి పక్కనే చాలావాటిలో ‘ప్రథమ రజస్వలా ఫలితాలు’ అని ఇంకో పేజీ ఉంటుంది. ఆడపిల్ల ఏ వారం, ఏ తిథి, ఏ నక్షత్రంలో పెద్దమనిషి అయితే ఏం జరుగుతుందో అందులో వరసగా రాసిపెడతారు. ఒక నక్షత్రమైతే సౌభాగ్యవతి, ఇంకొకటైతే విధవ, మరొకటైతే దరిద్రురాలు. ఆ సమయానికి ఒంటి మీదున్న బట్ట రంగుకి కూడా ఓ ఫలితం ఉంటుంది. శాంతి చేయించాల్సిన నక్షత్రాల జాబితా వేరే.

ఆ పేజీ పుణ్యమా అని మన ఇళ్ళలో ఆ రోజుని గంటలు నిమిషాలతో సహా గుర్తుపెట్టుకుంటారు. నా స్కూలు సర్టిఫికెట్లు ఎక్కడ పెట్టిందో మా అమ్మకి గుర్తులేదు గానీ, నేనెప్పుడు ‘పెద్దమనిషి’ అయ్యానో నక్షత్రం, పాదంతో సహా ఇప్పటికీ చెప్తుంది. చాప మీద కూర్చోబెట్టి నువ్వులు, బెల్లం, కుడుకలు పెట్టడం ఒకప్పటి మాట. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళు, ఊరి మొగదల ఫ్లెక్సీలు, పిల్ల నిలువెత్తు ఫొటో. ఊరందరికీ తెలిసేలా జరిపే ఈ పండగలో ఆ పిల్ల ఒంట్లో ఏం జరిగిందో ఆ పిల్లకి ఎవరైనా చెప్తున్నారా? ఆ వివరాన్ని రాసిపెట్టుకుంటున్నది దేనికి? ఇంకా ఎవరో కూడా తెలియని మొగుడి ఆయుష్షు లెక్క కట్టడానికి.

అదే పిల్ల ఇరవై ఏళ్ళప్పుడు రెండు మూడు నెలలకోసారి గానీ ముట్టు రాక, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తూ, బరువు పెరుగుతూ డాక్టరు దగ్గరికి వెళ్తుంది. ‘మొదటిసారి ఎప్పుడు వచ్చింది?’ అని డాక్టరు అడిగితే, ‘ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో’ అంటుంది. పురోహితుడికి పాదంతో సహా అందిన వివరం డాక్టరుకి అందదు. ఆ పిల్లకే అందలేదు, ఇంక డాక్టరుకి ఎక్కడ అందుతుంది? ఈ వ్యాసంలో నేను అడగదలుచుకున్నది ఒకటే. ఆ తేదీ ఎవరిది?

ఆ తేదీ మన దేశంలో ఎప్పుడూ ఆడపిల్లది కాలేదు. మొదట తండ్రిది, తర్వాత మొగుడిది. వలస పాలన కాలపు వైద్యులు వేడి దేశాల్లో ఆడపిల్లలు తొందరగా ఈడేరతారని గ్రంథాలు రాశారు. మన సనాతనులకి ఆ మాట బాగా పనికొచ్చింది. తొందరగా ఈడేరతారు కాబట్టి తొందరగా పెళ్ళిళ్ళు చేయక తప్పదన్నారు. 1891లో సమ్మతి వయసుని 10 నుంచి 12కి పెంచితేనే ధర్మం మంట కలిసిందని గగ్గోలు పెట్టారు. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసుని 14 చేసింది. ఈ చర్చలన్నిటిలో వాళ్ళు వెతికింది ఆడపిల్ల ఎప్పటి నుంచి పనికొస్తుందన్న సమాధానం. ఆ పిల్ల ఎప్పటి నుంచి, ఎలా ఆరోగ్యంగా ఉంటుందన్న ప్రశ్న ఆ గొడవలో చాలా తక్కువమందికి పట్టింది. చట్టం 18 ఏళ్ళని చెప్పి ఇన్నాళ్ళయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 20-24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 23 మందికి పైగా 18 నిండకుండానే పెళ్ళయినవాళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో 29 మంది. పెద్దమనిషి అయిందంటే ఇంట్లో పెట్టుకోకూడదన్న ఆలోచన ఎక్కడికీ పోలేదు.

సరే, వైద్యానికి ఆ తేదీ ఎందుకు కావాలి? ఎందుకంటే హార్మోన్ల జబ్బులకి లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. పీసీఓఎస్ గురించి 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చూడండి. మొదటి ముట్టు తర్వాత ఏడాది పాటు నెలసరి అటూ ఇటూ కావడం సహజం. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు 21 రోజులకంటే ముందుగా గానీ 45 రోజులు దాటి గానీ వస్తుంటే చూపించుకోవాలి. మూడేళ్ళు దాటాక ఆ 45 రోజుల హద్దు 35కి తగ్గుతుంది. మొదటి ఏడాది గడిచాక ఒక్కసారైనా 90 రోజులు దాటిపోతే చూపించుకోవాలి. 15 ఏళ్ళు వచ్చినా, లేదా రొమ్ములు పెరగడం మొదలై మూడేళ్ళయినా ముట్టు రాకపోతే చూపించుకోవాలి. మొదటి ముట్టు తర్వాత 8 ఏళ్ళ వరకు స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదు. ఎందుకంటే ఆ వయసులో అండాశయాలు మామూలుగానే అలా కనిపిస్తాయి. ఏడాది, మూడేళ్ళు, ఎనిమిదేళ్ళు. ఈ లెక్కలన్నిటికీ మొదలు ఎక్కడ? ఆ తేదీ దగ్గరే. అది తెలియకుండా ఈ సూత్రాల్లో ఒక్కదాన్ని కూడా సరిగ్గా వాడలేం.

ఇంకా ఉంది. ఎనిమిదేళ్ళు నిండకుండానే రొమ్ములు పెరగడం మొదలైతే దాన్ని సిగ్గుతో దాచకుండా పిల్లల డాక్టరుకి చూపించాలి. తొందరగా ఈడేరిన స్త్రీలకి తర్వాతి జీవితంలో చక్కెర వ్యాధి, రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంచెం ఎక్కువని పెద్ద పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. 117 పరిశోధనల వివరాలని కలిపి 2012లో వేసిన లెక్కలో, ముట్టు ఒక ఏడాది ముందు మొదలైతే రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 5 శాతం పెరుగుతుందని తేలింది. బాగా ఆలస్యమైతే ఈస్ట్రోజెన్ తక్కువై ఎముకలు బలహీనపడే ప్రమాదం. పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో తొందరగా ఈడేరినవాళ్ళూ ఉన్నారు, అసలు ముట్టే రాక డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఇవి జాతకాలు కావు. ముందుగా ఈడేరిన ప్రతి పిల్లకీ జబ్బు వస్తుందని ఎవరూ అనడం లేదు. ముప్పు ఉందని తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. పంచాంగం పేజీకీ దీనికీ తేడా అదే. అది పిల్లని భయపెట్టి శాంతి చేయిస్తుంది. ఇది పిల్ల చేతికి కొంత సమయాన్నిస్తుంది.

‘ఈ కాలం పిల్లలు తొమ్మిదేళ్ళకే అయిపోతున్నారమ్మా!’ అని ఎక్కడ కూర్చున్నా వినిపిస్తోంది. వెంటనే తీర్పులు కూడా వస్తాయి. కోళ్ళకి హార్మోన్ ఇంజెక్షన్లిస్తున్నారు, ఆ చికెన్ తిని. బర్రెలకి సూదులిస్తున్నారు, ఆ పాలు తాగి. సెల్‌ఫోన్‌లో ఏవేవో చూసి. తల్లి ఉద్యోగానికి పోయి పిల్లని పట్టించుకోక! ఏ దారిన వెళ్ళినా చివరికి తల్లి వంటింటికో, పిల్ల నడవడికకో చేరతాం. బాయిలర్ కోడి ఆరు వారాల్లో పెరిగేది దాని జాతిని అలా తయారు చేయబట్టీ, దానా బట్టీ. బర్రెకిచ్చే ఆక్సిటోసిన్ పాలల్లో ఉన్నా అది మన జీర్ణకోశంలో విరిగిపోతుంది. కోళ్ళ ఫారాల్లో విచ్చలవిడిగా వాడే యాంటీబయాటిక్స్ గురించి పోట్లాడాలి, బర్రెకి సూది పొడిచే క్రూరత్వం గురించి మాట్లాడాలి. కానీ ఆడపిల్ల ఎప్పుడు ఈడేరుతుందన్నది వాటిని బట్టి తేలదు.

మరి దేన్ని బట్టి తేలుతుంది? చాలావరకు తిండిని బట్టి, అదీ తల్లి కడుపులో ఉన్నప్పటి తిండి నుంచి. వంశపారంపర్యం ఉంది. దానిపైన శరీరం తన నిల్వల్ని లెక్క చూసుకుంటుంది. కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ మెదడుకి కబురు తీసుకెళ్తుందని 1994 తర్వాతే మనకి తెలిసింది. నిల్వలు చాలినంత ఉన్నాయని కబురందితే మెదడు అండాశయాలని నిద్ర లేపుతుంది. కరువులో ఉన్న పిల్ల ఆలస్యంగా ఈడేరేది అందుకే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెటూరి ఆడపిల్లల పోషణనీ, రజస్వల వయసునీ కలిపి 1979లోనే పరిశీలించారు. ఇది కొత్త సంగతేమీ కాదు.

కొత్తగా తెలిసింది ఇంకొకటుంది, అది కలవరపెట్టేది. మన దేశం నుంచి స్వీడన్ కుటుంబాలు దత్తత తీసుకున్న ఆడపిల్లల గురించి 1991లో అక్కడి వైద్యులు రాశారు. ఆకలితో, తక్కువ ఎత్తు బరువులతో వెళ్ళిన ఆ పిల్లలు మంచి తిండి దొరకగానే గబగబా పెరిగారు. వాళ్ళలో సగంమంది 11.6 ఏళ్ళకే ఈడేరారు. అంటే మన దగ్గర ఉండిపోయిన పిల్లలకంటే ముందు, అక్కడి తెల్ల పిల్లలకంటే కూడా ముందు. గర్భంలో ఆకలి, పుట్టాక కొన్నాళ్ళు ఆకలి, ఆపైన ఒక్కసారిగా వచ్చి పడిన తిండి. ఈ వరస శరీరపు గడియారాన్ని తొందరపెడుతుంది. పుణేలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చూపించింది కూడా దీనికి దగ్గరిదే. మన దేశంలో తక్కువ బరువుతో పుట్టిన పసిపిల్లలు కండలేకుండా సన్నగా ఉన్నా కొవ్వు మాత్రం దాచుకుని పుడుతున్నారు. తక్కువ బరువుతో పుట్టి గబగబా లావెక్కిన ఆడపిల్లల్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం, ముందుగా వెంట్రుకలు రావడం, తర్వాత అండాశయాల ఇబ్బందులు కనిపిస్తున్నాయని బార్సిలోనా వైద్యులు చాలాకాలంగా రాస్తున్నారు. ఇప్పుడు చెప్పండి, తప్పు చికెన్‌దా? గర్భిణికి కడుపు నిండా తిండి పెట్టని ఇల్లూ, పెట్టనివ్వని కూలీ రేటూ ఏ తీర్పులోనూ ముద్దాయిలు కారెందుకు?

ఈ తెలివి లేని చోట వైద్యం ఎలా సాగుతుందో హైదరాబాద్‌లో ఏ స్కానింగ్ సెంటర్ ముందు కూర్చున్నా తెలుస్తుంది. పద్నాలుగేళ్ళ పిల్ల, ఈడేరి ఏడాదిన్నర. రెండు నెలలు ముట్టు తప్పింది. స్కాన్‌లో ‘నీటి బుడగలు’ కనిపించాయి. అవి గడ్డలు కావు, ఎదగడం ఆగిన చిన్న చిన్న అండకోశాలు, ఆ వయసులో చాలామందికి ఉండేవే. అయినా తల్లి గుండె జారిపోతుంది. మాత్రలు మొదలవుతాయి. పక్కన ఒక సలహా కూడా ఉచితంగా వస్తుంది. ‘డిగ్రీ కాగానే పెళ్ళి చేసేయండి, లేకపోతే పిల్లలు పుట్టడం కష్టం.’ నా విద్యార్థినుల్లో ఒకమ్మాయి చదువు ఈ ఒక్క వాక్యంతోనే ఆగిపోయింది. పెళ్ళి ఏ హార్మోన్ జబ్బుకీ మందు కాదు. పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో ఎక్కువమంది పిల్లల్ని కనగలుగుతున్నారు, కొందరు మామూలుగా, కొందరు వైద్యం సాయంతో. అసలు ఆ జబ్బుతో పిల్లలు పుట్టకపోవడం ఒక్కటే సమస్య అయినట్టు మాట్లాడటం ఏమిటి? చక్కెర వ్యాధి, రక్తపోటు, దిగులు, మొహం మీది వెంట్రుకలతో పడే అవమానం... వీటిలో ఏ ఒక్కటీ పెళ్ళిచూపుల్లో ప్రశ్న కాదు కాబట్టి డాక్టరు ముందు కూడా ప్రశ్న కాలేదు.

ఇది పట్నం కథ. మరి పట్నం నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని పోతే?

అడవి మన్ననూర్ దగ్గర మొదలవుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం. చెంచుల కోసం పెట్టిన సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఇక్కడే ఉంది. అటవీశాఖ చెక్‌పోస్టు ఇక్కడే ఉంది. వన్యప్రాణులకి ఇబ్బంది కాకుండా రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లని ఇక్కడ ఆపేస్తారు. మంచి పనే. చెట్లకి కట్టిన కెమెరాల్లో పడిన చారల్ని బట్టి ఏ పులి ఏదో గుర్తుపడతారు. ఏ ఆడపులి ఎన్ని పిల్లల్ని పెట్టిందో పేపర్లలో వస్తుంది. అదీ మంచి పనే. ఇంత ఓపిగ్గా లెక్కలు రాయగల ప్రభుత్వం, అదే అడవిలోని అప్పాపూర్, బౌరాపూర్, మేడిమల్కల లాంటి పెంటల్లో పుట్టిన ఆడపిల్ల విషయానికి వచ్చేసరికి ఎందుకు తడబడుతుంది?

మన్ననూర్‌లో ఒక చెంచు పెద్దావిడని, మాటల్లో పడి, ఆమె ఎప్పుడు పెద్దమనిషి అయిందో అడిగాను. ‘ఇప్పపువ్వు రాలేటప్పుడు అయిన మేడమ్. ఏ సాలో యాదికి లేదు’ అంది. ఇప్పపువ్వు రాలేది ఎండాకాలం మొదట్లో. నెల ఆమెకి స్పష్టంగా గుర్తుంది. సంవత్సరం ఎందుకు లేదంటే ఆమె పుట్టిన సంవత్సరాన్నే ఎవరూ రాయలేదు. ఆధార్ కార్డులో ఆమె పుట్టినరోజు జనవరి 1. మన పల్లెల్లో లక్షలమందిలాగే. వయసే అంచనా అయినప్పుడు ‘15 దాటినా రాలేదు’ అన్న సూత్రాన్ని ఆమె కూతురికి, మనవరాలికి ఎట్లా వర్తింపజేస్తాం?

చెంచులకి తేదీలు తెలియవని నవ్వుకునేవాళ్ళు ఆమె మాటని ఇంకోసారి చదవండి. పూలు రాలే కాలం, తేనె దిగే కాలం, గడ్డలు తవ్వే కాలం అన్నీ వాళ్ళ లెక్కలో ఉన్నాయి. ‘మనవరాలు పోయిన ఇప్పపువ్వు కాలంలో అయింది, మళ్ళీ వానాకాలం దాకా రాలేదు’ అని అమ్మమ్మ చెప్తే అందులో వైద్యానికి కావాల్సిన సమాచారమంతా ఉంది. వినే చెవి ఉండాలి. 2013 నుంచి అమలవుతున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో కౌమార బాలికలని అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. ముట్టు ఆలస్యమైందా, సక్రమంగా వస్తోందా, నొప్పి ఉందా అని. కాగితం మీద ప్రశ్న ఉండటం వేరు. క్లాసంతా వరసలో నిలబడి ఉండగా, మగ ఉద్యోగి రాసుకుంటుండగా, రెండు నిమిషాల్లో అడిగితే ఏ పిల్ల నోరు విప్పుతుంది? అన్నిటికీ ‘లేదు’ అని రాసుకుని బండెక్కుతారు.

హార్మోన్ల జబ్బులు పట్నం జబ్బులు, బాగా తిని కూర్చునేవాళ్ళకి వచ్చేవి అని ఒక అపోహ. స్వీడన్, పుణే కథల్ని ఇక్కడ మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. అడవి మీద ఆంక్షలు పెరిగి, గడ్డలు, కాయలు, చిన్న వేటలు తగ్గి, రేషన్ బియ్యమే భోజనమైన చోట తల్లి రక్తహీనతతో ఉంటుంది, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. ఆ బిడ్డకి పెరిగే వయసులో దొరికేది తెల్లన్నం, చారు, ఐదు రూపాయల చిప్స్ పాకెట్. పప్పు, గుడ్డు, ఆకుకూర కావాల్సిన చోట వట్టి పిండి పదార్థం. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 64 మందికి పైగా రక్తహీనులు. ఆకలి వల్ల ముట్టు ఆలస్యమయ్యే పిల్లా, వెనకటి ఆకలీ ఇప్పటి చవక తిండీ కలిసి ముట్టు ముందుకి జరిగే పిల్లా పక్కపక్క గుడిసెల్లో ఉండొచ్చు. థైరాయిడ్ తక్కువై నెలంతా రక్తం పోయే పిల్లకి ‘బలం లేదు’ అని ఐరన్ మాత్రలిచ్చి పంపేయొచ్చు. అడగనిదే తేలదు.

అడగకుండా వదిలేస్తే ఏమవుతుందో పాలమూరు ఆడవాళ్ళ ఒళ్ళే చెబుతాయి. పదిహేనేళ్ళప్పుడు పట్టించుకోని రక్తస్రావం, పద్దెనిమిదికి ముందే పెళ్ళి, ఇరవై రెండుకల్లా పిల్లలాగే ఆపరేషన్, ముప్ఫై దాటగానే ‘పెద్దాపరేషన్’. 2015-16 సర్వేలో మొదటిసారి ఈ ప్రశ్న అడిగారు. 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశమంతటా 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే! ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లు ఎంత పెరిగాయంటే చివరికి ప్రభుత్వమే ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ మర్నాటి నుంచే ఒంట్లో ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఉంచినా ముట్లాగే దశ తొందరగా వచ్చే ప్రమాదం ఉంటుంది. ముప్ఫై రెండేళ్ళ కూలి మనిషికి అరవై ఏళ్ళ ఎముకలు! ఇది కూడా హార్మోన్ల జబ్బే. దీన్ని తయారు చేసింది ఆపరేషన్ థియేటర్. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసర గర్భసంచి ఆపరేషన్లని ఆపే కేంద్ర మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలని ఆదేశించింది. ఆ మార్గదర్శకాల ప్రకారం జిల్లాల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. మీ జిల్లా కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. కనుక్కోవడమే ఒక పని.

పక్కనే గద్వాల. విత్తనపత్తి చేలు. పువ్వు పువ్వునీ చేత్తో కలిపే ఆ పనికి 1990లు, 2000ల్లో చిన్న ఆడపిల్లల్ని పెట్టుకున్నారని, తల్లిదండ్రులకి ముందే అప్పులిచ్చి బడి మాన్పించారని పరిశోధకులు రాశారు. మందు కొట్టిన చేలల్లో రోజంతా నిలబడిన ఆ పిల్లలు ఎప్పుడు ఈడేరారు, ఎలా ఈడేరారు? ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు 2011లో నిలిపేసింది. ఆ మందు పిల్లల ఎదుగుదలని ఆలస్యం చేస్తోందని కాసరగోడ్‌లో జరిగిన పేరున్న పరిశోధన 2003లో అచ్చయింది. అది మగపిల్లల మీద చేసిన పరిశోధన. ఆడపిల్లల ఒళ్ళు ఎప్పుడూ రెండో విడతకే వాయిదా పడుతుంది.

అలాగని ప్రభుత్వానికి ఆడపిల్లల్ని లెక్కపెట్టడం రాదనుకోకండి. అవసరం తనదైనప్పుడు బాగానే వస్తుంది. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందిని వెతికి పట్టుకుని హెచ్‌పీవీ టీకా ప్రయోగంలో చేర్చారు. ఆశ్రమ పాఠశాలల్లోని ఆదివాసీ పిల్లల తరఫున సమ్మతి పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. మహిళా సంఘాలు గొడవ చేశాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. సర్వైకల్ క్యాన్సర్ నుంచి కాపాడే టీకా కావాల్సిందే. ఆ పిల్ల ఒంటి మీద సంతకం పెట్టే హక్కు వార్డెన్‌కి ఎక్కడిదన్నదే ప్రశ్న. అంతకు ముందు 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ వేయడానికి ఆడవాళ్ళని పోగేసినప్పుడు, ఇది ప్రయోగమని వాళ్ళకి చెప్పింది స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు. తెలిశాక చాలామంది లేచి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది.

అందుకే ‘ప్రతి ఆడపిల్ల రజస్వల తేదీనీ ప్రభుత్వం రికార్డు చేయాలి’ అని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది. నేను చూసిన ఒక ఆడపిల్లల హాస్టల్‌లో అలాంటి రిజిస్టర్ ఉంది. ఎవరికి ఏ తేదీన ముట్టు వచ్చిందో వరసగా రాసి ఉంది. ఆరోగ్యం కోసమేమో అనుకుని సంతోషించాను. ఎవరికైనా తప్పిందేమో చూడటానికట. తప్పితే పిల్లని నిలబెట్టి అడగడానికి. రక్తహీనత వల్ల తప్పొచ్చు, థైరాయిడ్ వల్ల తప్పొచ్చు, పరీక్షల బెంగతో తప్పొచ్చు. ఆ రిజిస్టర్‌కి తెలిసిన కారణం ఒక్కటే. పంచాంగం స్థానంలో రిజిస్టర్ వచ్చింది, పురోహితుడి స్థానంలో వార్డెన్. తేదీ మాత్రం మళ్ళీ ఆ పిల్లది కాలేదు.

కాబట్టి నేను కోరేది ఇది. ఆ తేదీ పిల్ల చేతిరాతలో, పిల్ల పుస్తకంలో ఉండాలి. ఆరో తరగతి నుంచి ప్రతి ఆడపిల్లకీ ఒక చిన్న నోటుబుక్కు, అందులో నెలలతో పాటు పెంటల్లో వాడే కాలాల పేర్లు, ఎప్పుడు డాక్టరుకి చెప్పాలో నాలుగు వాక్యాల్లో సూటిగా. 15 దాటినా రాకపోతే, 90 రోజులు దాటితే, గంటకో బట్ట తడుస్తుంటే, వారం దాటినా ఆగకపోతే. దాని నకలు ఏ వార్డెన్ దగ్గరా ఉండకూడదు. చూపించాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం. నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి నుంచి నెలకోసారి ఒక మహిళా డాక్టరు మన్ననూర్ వచ్చి కూర్చోలేరా? మొదట స్కానింగ్ అక్కర్లేదు. బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర పరీక్షలు, పదిహేను నిమిషాలు ఓపికగా మాట్లాడటం చాలు. గర్భిణికీ కౌమార బాలికకీ గుడ్డు, పప్పు, నూనె అందడం మాత్రం వీటన్నిటికంటే ముందు. పంచాంగకర్తలు ఆ పేజీ తీసేయాలి. తీయకపోతే మనం కొనడం మానేయాలి.

చివరగా మన సంగతి. మన కవిత్వం లేబర్ రూములోకి వెళ్ళింది. కొండేపూడి నిర్మల రాశారు. అబార్షన్ గురించి పాటిబండ్ల రజని రాశారు. ముట్టు రోజుల మూల గదినీ, అంటునీ, సిగ్గునీ మనం చాలా రాశాం. అది అవసరమైన రాత. అయితే ఆ మూల గది అందరిదీ కాదని, ముట్టయినా కూలికి పోక తప్పని ఆడవాళ్ళున్నారని దళిత, ఆదివాసీ స్త్రీలు మనకి గుర్తు చేస్తూనే ఉన్నారు. మొదటి రోజు అవమానం గురించి రాసినంతగా ఆ తర్వాతి ముప్ఫై ఏళ్ళ నెలసరుల గురించి, మొహం మీది వెంట్రుకల గురించి, ముప్ఫై రెండేళ్ళకే వచ్చిన ఒంటి ఆవిర్ల గురించి రాశామా? స్త్రీశక్తి సంఘటన 1990ల మొదట్లో తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ మన ఒంటి గురించి మన భాషలో మాట్లాడింది. ఆ తర్వాత హార్మోన్ల శాస్త్రం ఎంతో ముందుకెళ్ళింది. అలాంటి పుస్తకం ఇంకొకటి కావాలి. అందులో హైదరాబాద్ అమ్మాయికి నీటి బుడగల గురించి ఉండాలి, మన్ననూర్ అమ్మాయికి ఇప్పపువ్వు కాలం లెక్క ఉండాలి, గద్వాల అమ్మాయికి పత్తి మందుల గురించి ఉండాలి. డాక్టర్లు, అధ్యాపకులు, రచయిత్రులు కలిసి కూర్చుంటే ఏడాదిలో అయ్యే పని అది.

ఈలోగా మీ ఇంట్లో, మీ క్లాసులో, మీ వీధిలో ఈడేరిన పిల్లకి చీర పెట్టేముందు ఒక నోటుబుక్కు, పెన్ను ఇవ్వండి. ఆ తేదీని తననే రాసుకోమనండి. ఎందుకో చెప్పండి.